మిస్త్రీ చెవికి కట్టిన రిలే

స్విచ్ వేయగానే స్పీకరు ‘ధబ్’మంటుంది. ఇంట్లో సొంతంగా, సన్నటి శబ్దాన్ని పెంచే ప్రీయాంప్లిఫయర్ కట్టుకున్న ప్రతివాడికీ ఈ ధబ్ తెలుసు. పెట్టెలోని కెపాసిటర్లన్నీ ఒక్కసారిగా కరెంటు నింపుకునే తొందరలో చేసే గోల అది. దాన్ని ఆపాలంటే ఒక రిలే పెట్టాలి. రిలే అంటే కరెంటు తగిలితే టక్కున తెరుచుకునే చిన్న తలుపు అనుకోండి. లోపలి గోల సద్దుమణిగేదాకా తలుపు మూసి ఉంచి, ఆ తర్వాతే శబ్దాన్ని బయటికి వదులుతుంది. ఇంతే విద్య. ఇప్పటి కుర్రవాళ్లు దీన్ని ఒక పూటలో నేర్చేసుకుంటున్నారు. నాకు మాత్రం ఒక ఎండాకాలమూ, ఒక వానాకాలమూ పట్టాయి. ఆ రెండు కాలాల సంగతే ఇది. సర్క్యూట్ బొమ్మ కోసం చివరికి వెళ్లి వెతక్కండి, బొమ్మ లేదు.

బోధన్ పక్కన అప్పట్లో ఒక చిన్న చక్కెర మిల్లు ఉండేది. పెద్ద ఫ్యాక్టరీ కాదు, దాని నీడలో బతికిన చిన్న మిల్లు. ఇప్పుడు దాని చిమ్నీ కూడా లేదు కాబట్టి పేరు చెప్పి చేసేదేమీ లేదు. డెబ్బైల మొదట్లో నేను అక్కడ ఎలక్ట్రీషియన్‌ని. మాది భీమ్‌గల్ వైపు. అన్నదమ్ములు పసుపు చేలు చూసుకుంటుంటే నేను వైర్లు పట్టుకుని ఇటు వచ్చాను. పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదన్నది వేరే కథ, అందులో రిలేలు లేవు. బోధన్‌లో ఒక పిండిగిర్ని వెనక గది అద్దెకు తీసుకుని, సాయంత్రాలు భజన మండళ్లకూ పెళ్లి మైకులవాళ్లకూ యాంప్లిఫయర్లు కట్టి ఇచ్చేవాణ్ని.

సీజన్‌లో మాకు ఒంటరితనం అనే మాటే తెలియదు. చెరకు బండ్లు రోడ్డు పొడవునా నిలబడేవి, ఎడ్ల మెడగంటలు, బండివాళ్ల తిట్లు, మరాఠీలో ఒకడు, తెలుగులో ఒకడు, ఉర్దూలో ఇద్దరికీ సర్దిచెప్పే గేటు జమేదారు. ఎండలు ముదిరి చెరకు అయిపోయేసరికి సీజన్ కూలీలంతా మూటలు కట్టుకుని వెళ్లిపోయేవారు. మేం కొద్దిమంది పర్మనెంటు వాళ్లం మాత్రం మిగిలి, మోటార్లు విప్పి తుడుచుకుంటూ కూర్చునేవాళ్లం. సాయంత్రం గదికొస్తే గిర్ని కూడా ఆగిపోయేది. అప్పుడు నాతో మాట్లాడేది నా ప్రైమస్ స్టవ్ ఒక్కటే. అబద్ధం ఎందుకు, ఆ గది తాళం తీయడానికి భయమేసేది.

ఇక మిస్త్రీ సంగతి. మిల్లు హౌస్‌లో, అంటే చెరకు పిండే రోలర్లు తిరిగేచోట, అతను పెద్ద మిస్త్రీ. మేమంతా కాకా అనేవాళ్లం. ఆ రోలర్ల పక్కన, స్టీము ఇంజను పక్కన మనిషి మాట మనిషికి వినపడదు. అందుకని అక్కడివాళ్లు చేతులతో మాట్లాడుకునేవారు. పిడికిలి బిగించి కిందికి గుంజితే ‘ఆపు’. వేళ్లు ఆడిస్తే ‘స్టీము తగ్గింది’. చెవి తమ్మె పట్టుకుంటే ‘ఫోర్మెన్ సాబ్ వస్తున్నాడు’. ఇవి పని మాటలు. వీటికి తోడు చుట్టాల ముచ్చట్లు, ఎకసెక్కాలు, ఎవరి పెళ్లాం ఎవరిని ఎట్లా తిట్టిందో, అన్నీ చేతుల్లోనే. అందరిలోకీ వాగుడుకాయ కాకానే. చేతులు రెండూ గాలిలో లేచాయంటే అవతల నలుగురు పడీపడీ నవ్వేవారు. అప్పటికే అతని చెవులు దాదాపు పోయాయి. మిల్లు హౌస్‌లో అది ఎవరికీ లోపంగా కనిపించలేదు.

వయసైపోయిందని కాకాను ఇంటికి పంపాక కనిపించింది. ఊళ్లోవాళ్లకు చేతుల మాట రాదు. టీ హోటల్లో కూర్చుంటే ఎవరైనా ఒకసారి చెప్తారు, రెండోసారి అరుస్తారు, మూడోసారి ‘పోనీలే’ అని పక్కకు తిరుగుతారు. అంత మాటకారి ఇంటి అరుగు మీద కూర్చుని రోడ్డు చూస్తుండిపోయాడు. పిల్లలు లేరు. భార్య ఒక్కతే. నేను ఆమెను చిన్నమ్మా అనేవాణ్ని. ఆమె బీడీలు చుట్టేది. కాపురానికొచ్చిన కొత్తలోనే మొగుడి దగ్గర మిల్లు చేతుల మాటంతా నేర్చేసుకుందట.

ఒకరోజు అంగట్లో ఆమే నన్ను ఆపింది.

“తమ్మీ, నువ్వు రేడియోలు జేస్తవట గద. మీ కాకకు ఇనొచ్చేటట్టు ఏమన్న జెయ్యరాదు? ఆయనతోని ఒక్క ముచ్చట జెప్పాలంటె నేను సేతులు ఆపాలె. సేతులు ఆపితె బీడీలు ఎవలు సుడ్తరు? ఉప్పుకు పొమ్మనాలంటె ఆకు కింద వెట్టాలె, నీళ్లు పోస్కొమ్మనాలంటె ఆకు కింద వెట్టాలె. పానం ఇసుగొస్తున్నది బిడ్డా!”

నాకు ప్రాణం లేచొచ్చింది. పాత టెలిఫోను హెడ్‌ఫోన్లు ఒక జత నా దగ్గర ఉన్నాయి. ఒక మంచి మైకు, రెండు మూడు ట్రాన్సిస్టర్లు, చిన్న ట్రాన్స్‌ఫార్మరు. గూట్లో పెట్టె, మైకేమో చిన్నమ్మ కూర్చునే చోట. కాకా హెడ్‌ఫోన్లు తగిలించుకుంటే ఆమె గొంతు నేరుగా చెవిలో పడుతుంది. కొద్దిరోజుల్లోనే కట్టేసి, పెద్ద ఇంజనీరులాగా వాళ్లింటికి తీసుకెళ్లి, హెడ్‌ఫోన్లు కాకా చెవులకు పెట్టి, స్విచ్ వేశాను.

ధబ్!

కాకా కూర్చున్నచోటి నుంచి ఎగిరి గోడకు కొట్టుకున్నాడు. హెడ్‌ఫోన్లు లాగి అవతలికి విసిరేశాడు. రెండు చేతులతో చెవులు మూసుకుని కళ్లు గట్టిగా బిగించాడు. చిన్నమ్మ బీడీల చాట పక్కకు నెట్టి నా మీదికి లేచింది.

“ఓరి నీ పాడుగాను! ఉన్న జెర్రంత గూడ తీసేస్తివి గదరా!”

నిజంగానే భయపడ్డాను. స్పీకరులో ధబ్ వస్తే ఊరంతా పంచుకుంటుంది. హెడ్‌ఫోన్లలో వస్తే మొత్తం ఒక్క మనిషి చెవుల్లోకే పోతుంది. అతనికి మిగిలిందే నూలుపోగంత వినికిడి. అది నా చేతిలో తెగిపోతే ఏం ముఖం పెట్టుకుని తిరగను? ఆ రోజే తేల్చుకున్నాను, దీనికి రిలే పెట్టాల్సిందేనని.

నిజామాబాద్ వెళ్లి పాతసామాన్ల కబాడీ దుకాణాలన్నీ తిరిగి ఒక రిలే పట్టుకొచ్చాను. మిల్లులో అన్నం వేళ దాన్ని తుడుస్తుంటే ఫోర్మెన్ సాబ్ చూశాడు.

“ఏందయ్యా అది? ముసలాయన చెవికి పెడ్తవా, పంపుసెట్టుకు పెడ్తవా?”

“చెవికే సాబ్.”

“షాబాష్! రేపు ముక్కుకు స్టార్టర్ పెట్టు” అని పోయాడు. పోయినవాడు మళ్లీ వచ్చి, స్టోరులో పడి ఉన్న సన్నటి రాగి వైరు చుట్ట ఒకటి నా ముందు పడేసి వెళ్లిపోయాడు. మనిషి అట్లాంటివాడు.

ఒక రెసిస్టరు ద్వారా కెపాసిటరు నెమ్మదిగా నిండేట్టు, అది నిండాకనే ట్రాన్సిస్టరు మేల్కొని రిలేను లాగేట్టు కట్టాను. స్విచ్ వేశాక ఒకసారి నింపాదిగా ఊపిరి తీసి వదిలేంత సేపు ఏమీ వినపడదు. తర్వాత ‘టక్’, తలుపు తెరుచుకుంటుంది. ముందు నా చెవులకు పెట్టుకుని చూశాను. ఆ తర్వాతే కాకాకు ఇచ్చాను. అతను దండం పెట్టి మరీ తగిలించుకున్నాడు.

టక్.

కాకా ముఖం మారింది. తల పక్కకు వంచాడు.

“గా కరకర ఏంది?” మిల్లు హౌస్‌లో అరిచినట్టే అరిచాడు.

చిన్నమ్మ కత్తెరతో తునికాకు కత్తిరిస్తోంది. “కత్తెర! ఇనవడ్డదా?” అంది.

కాకా నోరు తెరిచి ఆమె వైపే చూశాడు. “ఓసి, నీ గొంతు గింత ముసల్దయిందా?”

“నీది వడుసు గొంతు మరి!” చిన్నమ్మ నవ్వింది. నవ్వుతూనే ఆకులో పొగాకు పోసి, చుట్టి, దారం కట్టి చాటలో వేసింది. తల ఎత్తలేదు, చేతులు ఆగలేదు. ఆమె కోరుకున్నది అదే, నేను సాధించింది అదే. ఆ సాయంత్రం గదికి ఎట్లా నడిచి వచ్చానో నాకే తెలియదు. తాళం తీయడానికి మొదటిసారి భయం వేయలేదు.

వారం తిరక్కుండా కాకా సెట్టు చంకన పెట్టుకుని నా గది ముందు నిలబడ్డాడు.

“తమ్మీ, కొడ్తున్నది. నెత్తి మీద సుత్తె వెట్టి కొట్టినట్టు.”

చూస్తే నిజమే. కరెంటు పోయినప్పుడు కొడుతోంది. వేసేటప్పటి ధబ్ గురించే ఆలోచించాను గానీ పోయేటప్పటి ధబ్ గురించి ఆలోచించలేదు. కరెంటు పోగానే ప్రీయాంప్లిఫయరు నెమ్మదిగా ప్రాణం విడుస్తుంది, పోతూపోతూ ఒక తన్ను తన్నుతుంది. ఆ వేళకు రిలే తలుపు మూసేయాలి. కానీ రెంటికీ ఒకటే సప్లయ్ ఇచ్చాను. పెద్ద కెపాసిటర్లో మిగిలిన కరెంటు తాగుతూ రిలే ఇంకా తలుపు తెరిచే ఉంచుతోంది. మా బోధన్‌లో కరెంటు ఎన్నిసార్లు పోయేదో ఎరిగి ఉండి కూడా నాకు అది తట్టలేదు చూడండి! రిలేకు విడిగా కరెంటు అందేట్టు వేరే రెక్టిఫయరు పెట్టి, దానికి బుల్లి కెపాసిటరు ఇచ్చాను. ఇప్పుడు కరెంటు పోయిన మరుక్షణమే రిలే వదిలేస్తుంది, ప్రీయాంప్లిఫయరు ఆ తర్వాత తీరిగ్గా తన్నుకుంటుంది, చెవికి తగలదు. ఈ కిటుకు మీకెవరికైనా పనికొస్తే వాడుకోండి.

మళ్లీ వచ్చాడు. ఈసారి రిలే కాయిలు వదిలేటప్పుడు చిన్న ‘టిక్’. దానికి అడ్డంగా ఒక డయోడు వేశాను. అదీ పోయింది.

మళ్లీ వచ్చాడు. “కొడ్తున్నది తమ్మీ.”

పెట్టె విప్పాను, హెడ్‌ఫోన్లు నేను పెట్టుకున్నాను, స్విచ్ వేసి తీసి, వేసి తీసి చూశాను. మీటరు తగిలించాను. ముల్లు కూడా కదల్లేదు. కాకా ఎదురుగా వెదురు మోడా మీద కూర్చుని నన్నే చూస్తున్నాడు. “కొడ్తలేదు కాకా” అని చేత్తో చెప్పాను. “నీకు కొడ్తలేదేమో, నాకు కొడ్తున్నది” అని తన చేత్తో చెప్పాడు. సరే, ఉంచి పొమ్మన్నాను.

మర్నాడు సాయంత్రం వచ్చి “అయిందా?” అన్నాడు. కాలేదన్నాను. ముఖంలో ఏదో వెలుగు. ఆ మర్నాడూ అంతే. వచ్చినవాడు ఉత్తగా పోడు కదా. టీ పెట్టేవాణ్ని. ముచ్చట్లలో పడేవాళ్లం. ఏ సీజన్‌లో రోలరు ఎట్లా విరిగిందీ, ఒక మేనేజరు చెరకు రసం తొట్టిలో ఎట్లా జారిపడ్డదీ, అన్నీ చేతులతో ఆడి చూపించేవాడు. నేను పొట్ట పట్టుకుని నవ్వేవాణ్ని. నాకూ చేతుల మాట బాగా పట్టుబడింది. అంగడికి వెళ్లి రెండో గాజుగ్లాసు కొన్నాను. సాయంత్రమవుతుంటే గది ఊడ్చి మోడా ఎదురుగా వేసి పెట్టేవాణ్ని.

సెట్టు బాగైందని ఇచ్చి పంపితే నాలుగు రోజులకే మళ్లీ ‘కొడ్తున్నది’ అని తెచ్చేవాడు. అప్పటికి నాకు అర్థమైపోయింది, ధబ్ లేదు, గిబ్ లేదు. ముసలాయనకు నా దగ్గర కూర్చోవడం ఇష్టం, దానికొక వంక కావాలి. ఈ ఊళ్లో నా కోసం ఒక మనిషి వంకలు వెతుక్కుని వస్తున్నాడు! తలుచుకున్నప్పుడల్లా, వంక వెతకడం ఎందుకు, ఊరికే రా కాకా అని చెప్పాలనిపించేది. ఒక మంచి పని చేద్దామనుకున్నాను. వానాకాలం మధ్యలో ఆ సెట్టు మొత్తం విప్పేసి, అన్నీ కొత్త జాయింట్లతో, రిలే కింద రబ్బరు ముక్క పెట్టి, చెక్కపెట్టెకు పాలిష్ చేసి, ఇక ఎవడూ వేలు పెట్టలేనట్టు కట్టాను. నేనే వాళ్లింటికి తీసుకెళ్లి ఇచ్చి, సెట్టు పాడవకున్నా రోజూ రావాలి కాకా, అని చెప్పి రావాలని.

ఆదివారం మధ్యాహ్నం సన్నగా వాన. సెట్టును గోనెసంచిలో చుట్టుకుని వెళ్లాను. తలుపు బార్లా తీసే ఉంది. అరుగు ఎక్కి పిలవబోయి ఆగాను.

చిన్నమ్మ చాట పక్కన పెట్టేసి ఉంది. ఆకులు, పొగాకు, దారం అన్నీ అందులోనే. ఇద్దరూ మోకాళ్లు తగిలేంత దగ్గరగా ఎదురెదురుగా కూర్చున్నారు. ఆమె చేతులు ఆడుతున్నాయి. ఎప్పుడూ ఆకుల మీద వంగి ఉండే ఆ చేతులు అట్లా గాలిలో లేవడం నేను చూడలేదు. ఎడమచేత్తో ఏదో పట్టుకున్నట్టు, కుడిచేత్తో కాల్చి అంటిస్తున్నట్టు, పొగకు ముక్కు చిట్లించి, కళ్లు నులుముకుని, తల గోక్కుని మళ్లీ అంటిస్తున్నట్టు ఆడి చూపిస్తోంది. వైర్లు అతికించే సోల్డరింగ్! ఆమె ఆడి చూపిస్తున్నది నన్నే. కాకా తల వెనక్కి వేసి కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుతున్నాడు. నవ్వి నవ్వి ఆమె మోకాలి మీద కొట్టి ఏదో చేత్తో అన్నాడు. ఆమె సిగ్గుపడి అతని చెయ్యి తోసేసింది. ఏమన్నాడో నాకు తెలుసు, చేతుల మాట నాకు వచ్చు కదా. అది ఇక్కడ రాయను.

గుమ్మంలో నిలబడి ఆ పెట్టె ఉన్న రోజుల్లో ఆ ఇల్లు ఎట్లా ఉండేదో తలుచుకున్నాను. కాకా గూటి పక్కన గోడకు ఆనుకుని, చెవులకు వైరుతో, రోడ్డు వైపు చూస్తుండేవాడు. చిన్నమ్మ తల వంచుకుని చుడుతూ మైకుతో అనేది: “నీళ్లు కాగినయి, పోస్కో.” “ఉప్పు తెస్తివా?” “తలుపు దగ్గరికెయ్యి.” అతను గోడకు జవాబిచ్చేవాడు. అన్నీ వినపడేవి. ఒక్కసారి కూడా ఆమె అతని ముఖం చూడాల్సిన పని ఉండేది కాదు. పాపం ఆమె తప్పేమీ లేదు, చుట్టకపోతే గడవదు. ఆ సంగతి తెలిసే కాకా ఆమెతో ఏమీ అనలేదు. ధబ్ అన్నాడు. సెట్టు నా బల్ల మీద ఉన్నన్ని రోజులూ ఆమె ఆకు కింద పెట్టి అతనితో మాట్లాడాలి. రోజూ సాయంత్రం ‘అయిందేమో అడిగి రాపో’ అని ఆమె తోలితే వచ్చేవాడు. కాలేదంటే ఆ వెలుగు అందుకు. నా టీ కోసం కాదు, నా మోడా కోసం కాదు.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఇంత వయసొచ్చి చంటిపిల్లాడిలా కళ్లు కూడా తడిశాయి. వాన అనుకుంటారులే అని తుడుచుకోలేదు.

చిన్నమ్మ నన్ను చూసింది. చూడగానే చెయ్యి తనంతట తానే చాట అందుకుంది. “వచ్చినవా తమ్మీ! నిన్నే తల్సుకుంటున్నం. అయిందా?”

కాకా నా చంకలోని గోనె మూటను చూశాడు. నవ్వు అట్లాగే ఉంది గానీ కళ్లలోంచి పోయింది. ఆ ముఖం నేను ఇంకెప్పుడూ చూడకూడదనుకున్నాను.

“కాలేదు చిన్నమ్మా” అన్నాను. “రిలే కాలిపోయింది. గిసొంటిది నిజామాబాద్‌ల గూడ దొరుకుత లేదు. హైద్రాబాద్ పోయినప్పుడు సూడాలె. ఎప్పుడు దొరుకుతదో ఏమో. గదే జెప్పిపోదామని వచ్చిన.” అంటూనే కాకా వైపు తిరిగి పిడికిలి బిగించి కిందికి గుంజాను. ఆగింది.

కాకా నా పిడికిలి చూశాడు, మూట చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. మిల్లు హౌస్‌లో జీవితమంతా గడిపినవాడికి మనిషి చేతులు అబద్ధమాడుతున్నాయో లేదో తెలియదా! కుడిచెయ్యి నెమ్మదిగా ఎత్తి గుండె మీద పెట్టుకున్నాడు.

చిన్నమ్మ ఆకు చేతిలోకి తీసుకుంది, తిప్పి చూసింది, మళ్లీ చాటలోనే పెట్టేసింది.

“దొరికిననాడే దొరుకుతది తియ్యి బిడ్డా” అంది. “తొందరేం లేదు. అస్సలె లేదు.” గొంతు తగ్గించి, నేల చూస్తూ అంది. మూటలో ఏముందో ఆమె అడగలేదు. పాలిష్ వాసన ఇల్లంతా కొడుతోంది.

అరుగు దిగుతుంటే వెనకనుంచి పిలిచింది. “తమ్మీ! మరి గిన్నొద్దులు మీ కాకను రోజు నీ పానం మీదికి తోల్తి. నీకు పనాయె, బుగులాయె. ఇగ తోలను తియ్యి. నీ పని నువ్వు జేస్కో.”

“మంచిది చిన్నమ్మా” అన్నాను.

ఆ తర్వాత కాకా నా గదికి రాలేదు. అంగట్లో కనిపిస్తే చేతులతో రెండు ముచ్చట్లు చెప్పేవాడు, నవ్వుకునేవాళ్లం, ఎవరి దారిన వాళ్లం వెళ్లేవాళ్లం. సీజన్ మొదలైంది, చెరకు బండ్లు వచ్చాయి, నేనూ పనిలో పడ్డాను. చిన్నమ్మ ఎప్పుడు కనిపించినా రిలే మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఆ ఆదివారం మాత్రం తడిసి గదికొచ్చి సెట్టును బల్ల మీద పెట్టాను. ఎంత కష్టపడి కట్టానో ఒక్కసారైనా చూసుకోవద్దా? హెడ్‌ఫోన్లు తగిలించుకుని స్విచ్ వేశాను. ఊపిరి తీసి వదిలేంత సేపు ఏమీ లేదు. తర్వాత టక్. ధబ్ లేదు, టిక్ లేదు, గరగర లేదు. అంత శుభ్రమైన సెట్టు నేను మళ్లీ ఎప్పుడూ కట్టలేదు. మైకు ఎదురుగా ఖాళీ మోడా. మైకు దగ్గరికి వంగి, “టీ తాగుతవా కాకా?” అన్నాను. నా గొంతు నా చెవుల్లోనే పడింది, చాలా దగ్గరగా, ఒక్క అక్షరం కూడా పోకుండా.